టెర్మినేటర్ 2: పాత మోడల్ రోబో, పదేళ్ల పిల్లాడు.. ఏఐ కాలంలో ఈ సినిమాని మళ్లీ ఎందుకు చూడాలి?

ఒక షాపింగ్ మాల్. షాపుల వెనక సన్నటి కారిడార్. వీడియో గేమ్స్ ఆడుకుంటున్న పదేళ్ల కుర్రాడు పోలీసుని చూసి అటు పారిపోయి వచ్చాడు. ఎదురుగా నల్ల లెదర్ జాకెట్‌లో ఒక భారీ మనిషి. చేతిలో గులాబీల పెట్టె. అందులోంచి షాట్‌గన్ బయటికొచ్చింది. కుర్రాడు వెనక్కి తిరిగితే, అటు నుంచి ఆ పోలీసు పిస్టల్ పట్టుకుని వస్తున్నాడు. ఇద్దరి మధ్యలో పిల్లాడు ఇరుక్కుపోయాడు.

ఇద్దరిలో కాపాడేదెవరు? చంపేదెవరు? మొహం, డ్రెస్సు చూసి చెప్పమంటే మనం పోలీసు వైపే వేలు చూపిస్తాం. కానీ ఆ పోలీసే హంతకుడు. ఆ లెదర్ జాకెట్ రోబో పిల్లాడికి తన వీపుని అడ్డుపెట్టి తూటాలన్నీ తనే తింటుంది.

1991 జూలై 3న అమెరికాలో రిలీజైన "టెర్మినేటర్ 2: జడ్జ్‌మెంట్ డే"లోని సీన్ ఇది. డైరెక్టర్ జేమ్స్ కామెరాన్. రోబోగా ఆర్నాల్డ్ ష్వార్జెనెగ్గర్, పిల్లాడు జాన్ కానర్‌గా ఎడ్వర్డ్ ఫర్లాంగ్, తల్లి శారా కానర్‌గా లిండా హామిల్టన్, పోలీసు వేషంలోని రోబోగా రాబర్ట్ పాట్రిక్ చేశారు.

మన సైట్‌లో రోజూ చేసే పని స్పెక్స్ పోల్చడం. ఈ ప్రాసెసర్ గొప్పదా, ఆ ప్రాసెసర్ గొప్పదా అని. ఈ సినిమాలో రెండు మెషీన్లని కూడా అలాగే పోల్చి చూద్దాం. కాకపోతే చివరికి వచ్చే జవాబు స్పెక్ షీట్‌లో ఉండదు. అదేంటో తెలియాలంటే కథ మొత్తం చెప్పుకోవాలి కాబట్టి, ఇంకా సినిమా చూడనివాళ్లకి ముందే చెప్తున్నా: క్లైమాక్స్‌తో సహా స్పాయిలర్స్ ఉన్నాయి.

కథ సింపుల్‌గా

స్కైనెట్ అనేది అమెరికా సైన్యం కోసం తయారైన కంప్యూటర్ సిస్టమ్. సినిమా లెక్క ప్రకారం అది 1997 ఆగస్టు 29న తనంతట తాను ఆలోచించడం మొదలుపెడుతుంది. మనుషులు కంగారుపడి స్విచ్ ఆపబోతే, అది అణుబాంబులతో ఎదురుదాడి చేస్తుంది. 300 కోట్ల మంది చనిపోతారు. మిగిలినవాళ్లని కూడగట్టి మెషీన్ల మీద యుద్ధం నడిపించే నాయకుడే జాన్ కానర్.

అతన్ని గెలవలేక స్కైనెట్ కాలంలో వెనక్కి హంతకుల్ని పంపుతుంది. 1984లో వచ్చిన మొదటి సినిమాలో జాన్ ఇంకా పుట్టకముందే అతని తల్లిని చంపడానికి ఒక టెర్మినేటర్ వస్తుంది. అందులో విలన్ ష్వార్జెనెగ్గరే. రెండో సినిమాలో జాన్‌కి పదేళ్లు. ఈసారి స్కైనెట్ లేటెస్ట్ మోడల్‌ని పంపుతుంది. భవిష్యత్తులోని జాన్ ఏం చేస్తాడంటే, శత్రువుల దగ్గర దొరికిన ఒక పాత మోడల్‌ని రీప్రోగ్రామ్ చేసి, చిన్నప్పటి తనకి కాపలాగా తనే పంపుకుంటాడు. అంటే మొదటి సినిమాలో చంపడానికి వచ్చిన మోడల్, అదే మొహంతో, ఈసారి కాపాడటానికి వస్తుంది.

టీ-800, టీ-1000: ఏది బెటర్?

టీ-800 అంటే లోపల మెటల్ అస్థిపంజరం, పైన నిజమైన చర్మం, మాంసం. బ్యాటరీ లైఫ్ అడిగితే, ఇప్పుడున్న పవర్ సెల్‌తో 120 ఏళ్లు నడుస్తానని అదే చెప్తుంది. మన ఫోన్లు సాయంత్రానికే చార్జర్ వెతుక్కుంటాయి కదా, కుళ్లుకోవచ్చు. మెయిన్ పవర్ పోతే ఆల్టర్నేట్ పవర్‌కి మారి రీస్టార్ట్ అవుతుంది. మనిషి శరీరం గురించిన పూర్తి ఫైల్స్ లోపల ఉంటాయి. వాటిని గాయాలకి కుట్లు వేయడానికి వాడొచ్చు, చంపడానికీ వాడొచ్చు.

టీ-1000 ప్రోటోటైప్. మొత్తం లిక్విడ్ మెటల్. తాకిన మనిషి రూపంలోకి, గొంతుతో సహా మారిపోతుంది. చేతులు కత్తులవుతాయి. తూటా తగిలితే గుంట పడి మళ్లీ పూడుకుపోతుంది. దీనికీ ఒక లిమిట్ ఉంది: లోపల కదిలే భాగాలు, కెమికల్స్ ఉండే తుపాకులు, బాంబులుగా మారలేదు.

ఏ కోణంలో చూసినా టీ-1000దే పైచేయి. టీ-800 కూడా ఆ సంగతి జాన్‌కి దాచకుండా చెప్తుంది. రెండూ ఒకే కంపెనీ ప్రొడక్ట్స్ అనుకోవచ్చు, తయారుచేసింది స్కైనెట్టే. మరి ఒకటి పిల్లాడిని ఎందుకు చంపుతోంది, ఇంకొకటి ఎందుకు కాపాడుతోంది? హార్డ్‌వేర్ వల్ల కాదు. ఒకదానికి చంపమని ఆర్డర్ ఉంది, ఇంకొకదానికి కాపాడమని ఆర్డర్ ఉంది. అంతే తేడా.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. దీని దగ్గరకే మళ్లీ వస్తాం. ముందు మన టెక్ ప్రియుల కోసం ఆ లిక్విడ్ మెటల్ సంగతి చూద్దాం.

టీ-1000ని తెర మీదకి ఎలా తెచ్చారు?

1989లో కామెరాన్ "ది అబిస్" అనే సినిమా తీశాడు. అందులో సముద్రపు నీళ్లు పాములా లేచి, ఎదురుగా ఉన్న మనిషి మొహాన్ని అనుకరించే ఒక సీన్ ఉంటుంది. దాన్ని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ కంప్యూటర్‌లో తయారుచేసింది. నిడివి నిమిషం పైచిలుకే. కానీ నీళ్లు మొహంగా మారగలిగితే, మెటల్ మనిషిగా మారలేదా అన్న ధైర్యం ఆ సీన్ నుంచే వచ్చింది.

రెండేళ్ల తర్వాత అదే సంస్థ, డెన్నిస్ మ్యూరెన్ నాయకత్వంలో, సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ల మీద టీ-1000ని తయారుచేసింది. రాబర్ట్ పాట్రిక్ ఒంటి మీద గళ్లు గళ్లుగా గీతలు గీసి, నడిపించి, పరుగెత్తించి షూట్ చేశారు. నడుస్తున్నప్పుడు ఏ గడి ఎటు సాగుతోందో చూసి, ఆ కదలికల్ని కంప్యూటర్ బొమ్మకి ఎక్కించారు. ఇప్పటి మోషన్ క్యాప్చర్‌కి పాతకాలపు అన్నయ్య అనుకోండి.

ఇక అసలు ట్విస్ట్. రెండుంపావు గంటల సినిమాలో పూర్తి కంప్యూటర్ గ్రాఫిక్స్ ఉన్నది ఐదారు నిమిషాలే! మిగతా మ్యాజిక్ అంతా చేత్తో చేసిందే. టీ-1000 ఛాతీ మీద తూటా తగలగానే వెండి పువ్వులా విచ్చుకునే గాయాలున్నాయి కదా, అవి స్టాన్ విన్‌స్టన్ స్టూడియో చేసిన ఫోమ్ రబ్బర్ ముక్కలు. వాటికి మెటల్ పూత పూసి, చొక్కా కింద స్ప్రింగ్‌తో దాచిపెట్టారు. బటన్ నొక్కితే చొక్కా చింపుకుని విచ్చుకుంటాయి. తల రెండుగా చీలిపోయే సీన్లకి కూడా బొమ్మలే వాడారు.

అంతకంటే చవక ట్రిక్ ఇంకొకటి ఉంది. టీ-1000 మనిషిని కాపీ కొట్టిన కొన్ని సీన్లలో అసలు, నకిలీ ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో కనిపించాలి. హాస్పిటల్ గార్డు సీన్‌కి నిజమైన కవల సోదరులనే పెట్టారు. క్లైమాక్స్‌లో రెండు శారాలు కనిపించే చోట లిండా హామిల్టన్ కవల సోదరి నటించింది. జీరో రెండరింగ్ టైమ్!

పులుల మీదుగా దూకినట్టు అనిపించే యాక్షన్ సీన్లు కూడా చాలావరకు నిజంగా చేసినవే. ఫ్లైఓవర్ కిందనుంచి హెలికాప్టర్ దూసుకెళ్లే షాట్‌లో పైలట్ నిజంగానే దాన్ని వంతెన కిందనుంచి పోనిచ్చాడు. మొదటి సినిమా బడ్జెట్ 64 లక్షల డాలర్లయితే, దీనికి దాదాపు 10 కోట్ల డాలర్లు అయ్యాయి. వసూళ్లు 50 కోట్ల డాలర్లు దాటాయి. విజువల్ ఎఫెక్ట్స్, మేకప్, సౌండ్, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్ విభాగాల్లో 4 ఆస్కార్లు వచ్చాయి.

మన సినిమాలతో కూడా దీనికో లింకుంది. స్టాన్ విన్‌స్టన్ 2008లో చనిపోయాక, ఆయన దగ్గర పనిచేసిన సీనియర్లు "లెగసీ ఎఫెక్ట్స్" అనే స్టూడియో పెట్టారు. శంకర్ తీసిన "రోబో" సినిమాలో చిట్టి కోసం కదిలే యాంత్రిక బొమ్మల పని చేసింది ఆ స్టూడియోనే. టెర్మినేటర్ తయారైన చేతుల వారసులే చిట్టికీ పనిచేశారన్నమాట.

లిక్విడ్ మెటల్ నిజంగా ఉందా?

ఉంది. మీ ఇంట్లో ప్లేస్టేషన్ 5 ఉంటే దాని లోపల కూడా ఉంది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి చేరవేయడానికి మామూలు థర్మల్ పేస్ట్ బదులు సోనీ అందులో లిక్విడ్ మెటల్ వాడింది. గేమింగ్ పీసీలు సొంతంగా బిల్డ్ చేసేవాళ్లకి కూడా ఇది తెలిసిన సంగతే.

ఇలాంటి వాటిలో ముఖ్యమైన లోహం గ్యాలియం. ఇది సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. మన ఎండాకాలంలో టేబుల్ మీద పెడితే దానంతటదే నీరవుతుంది, చలికాలంలో అరచేతిలో పట్టుకున్నా చాలు. ఇండియం, టిన్ కలిపితే మామూలు గది వేడిలో కూడా గట్టిపడదు.

2023లో చైనా, అమెరికా పరిశోధకులు కలిసి గ్యాలియంలో అయస్కాంత పొడి కలిపి ఒక చిన్న బొమ్మ చేశారు. దాన్ని బుల్లి జైలు ఊచల వెనక పెట్టి, అయస్కాంత క్షేత్రంతో వేడెక్కించారు. అది కరిగి, ఊచల మధ్యలోంచి జారి బయటికొచ్చింది. టీ-1000 హాస్పిటల్ గ్రిల్ దాటినట్టే! ఆ వీడియో చూసి నెట్‌లో అందరూ టెర్మినేటర్ వచ్చేసిందన్నారు. కానీ బయటికొచ్చాక అది తనంతట తాను మళ్లీ బొమ్మ కాలేదు. అచ్చులో పోసి మళ్లీ తయారుచేశారు. ఎటు కదలాలో దానికి తెలియదు, అయస్కాంతం ఎటు లాగితే అటు వెళ్తుంది. కరగడం వరకు సైన్స్ చేసింది. ఆలోచించే లోహం ఇంకా సినిమాలోనే ఉంది.

జాన్ చేతిలోని గ్యాడ్జెట్

సినిమా మొదట్లో జాన్ ఒక ఏటీఎంకి బుల్లి కంప్యూటర్ తగిలించి డబ్బులు లాగుతాడు. ఆ పరికరం కల్పన కాదు. 1989లో మార్కెట్లోకి వచ్చిన అటారీ పోర్ట్‌ఫోలియో. మూడు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే ఈ జేబు కంప్యూటర్ స్పీడు 5 మెగాహెర్ట్జ్‌కి కాస్త తక్కువ, మెమరీ 128 కిలోబైట్లు. వాట్సాప్‌లో మీకొచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫోటో కూడా అందులో పట్టకపోవచ్చు. దాంతో ఏటీఎం పిన్ కనిపెట్టడం సినిమాలోనే కుదురుతుంది, ట్రై చేయకండి.

కానీ ఈ సీన్ ఊరికే పెట్టలేదు. ఒక మెషీన్‌ని తన మాట వినేలా చేసుకోవడం జాన్‌కి ముందే అలవాటు అని మనకి ఇక్కడే తెలుస్తుంది. కాసేపట్లో వాడికి ఇంకా పెద్ద మెషీన్ దొరకబోతోంది.

నేర్చుకునే చిప్, ఆఫ్ చేసిన స్విచ్

తన ప్రాసెసర్ న్యూరల్ నెట్ రకానికి చెందినదని, తను నేర్చుకునే కంప్యూటర్‌నని టీ-800 చెప్తుంది. 1991లో థియేటర్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ మాట మంత్రంలా వినిపించి ఉంటుంది. ఇప్పుడు మన జేబులోనే ఉంది. 2017లో హువావే కిరిన్ 970, యాపిల్ ఏ11 బయోనిక్ చిప్‌లు న్యూరల్ నెట్‌వర్క్‌ల కోసం ప్రత్యేక విభాగంతో వచ్చాయి. ఆ తర్వాత ఎన్‌పీయూ లేని ఫ్లాగ్‌షిప్ ఫోన్ దొరకడమే కష్టమైంది.

థియేటర్ వెర్షన్‌లో లేని, తర్వాత వచ్చిన స్పెషల్ ఎడిషన్‌లో చేర్చిన ఒక సీన్ ఇక్కడ చాలా ముఖ్యం. నువ్వు కొత్త విషయాలు నేర్చుకోగలవా అని జాన్ అడిగితే, టెర్మినేటర్లని ఒంటరిగా బయటికి పంపేటప్పుడు స్కైనెట్ ఆ చిప్‌ని రీడ్-ఓన్లీ మోడ్‌లో పెడుతుందని టీ-800 చెప్తుంది. అవి మరీ ఎక్కువగా ఆలోచించడం స్కైనెట్‌కి ఇష్టం లేదు. అంటే మనుషుల్ని చంపే ఆ మహా ఏఐకి కూడా తన కింద ఏఐలంటే భయమే!

జాన్, శారా కలిసి దాని తల తెరిచి చిప్ బయటికి తీస్తారు. అది చేతిలోకి రాగానే శారా సుత్తి ఎత్తుతుంది, పగలగొట్టేద్దామని. గత సినిమాలో ఇదే మొహం ఉన్న మెషీన్ ఆమె జీవితాన్ని నాశనం చేసింది మరి. జాన్ అడ్డుపడతాడు. నేను ఇలాంటి చిన్న విషయం చెప్తే నువ్వే నమ్మకపోతే, రేపు లోకం నన్ను నాయకుడిగా ఎలా నమ్ముతుంది అన్నట్టు వాదిస్తాడు. చివరికి స్విచ్ మార్చి చిప్‌ని తిరిగి పెడతారు.

ఇప్పుడు మన ఫోన్ సంగతికి రండి. మన ఫోన్లో నడిచే ఏఐ మోడల్ కూడా దాదాపుగా రీడ్-ఓన్లీయే. మోడల్‌కి శిక్షణ ఇచ్చేది కంపెనీ డేటా సెంటర్లో. అక్కడ లెక్కలన్నీ కుదిరాక, ఆ సంఖ్యల్ని గడ్డకట్టించినట్టు ఫోన్లో పెడతారు. మన ఎన్‌పీయూ చేసేది వాటిని వాడుకుని జవాబు లెక్కగట్టడమే. కీబోర్డు మన మాటలు పట్టుకోవడం లాంటి చిన్న సర్దుబాట్లు పక్కన పెడితే, మీరెన్ని కబుర్లు చెప్పినా ఫోన్లోని మోడల్ అసలు సంఖ్యలు మారవు. ఏం నేర్చుకోవాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే స్విచ్ మన దగ్గర ఉండదు, తయారీదారు దగ్గర ఉంటుంది. సినిమాలో ఆ స్విచ్‌ని ఒక తల్లి, ఒక పిల్లాడు తమ చేతుల్లోకి తీసుకుంటారు. ఆ సీన్ అంత టెన్షన్‌గా ఉండటానికి కారణం అదే.

"ఎవరినీ చంపకూడదు" అంటే ఏంటి?

ఇక మనం గుర్తుపెట్టుకుందామన్న పాయింట్. టీ-800కి భవిష్యత్తు జాన్ ఇచ్చిన పనులు రెండు. ఒకటి, పిల్లాడిని కాపాడాలి. రెండు, పిల్లాడు చెప్పింది వినాలి.

తన మాట వింటుందని తెలియగానే జాన్ ఏ పదేళ్ల పిల్లాడైనా చేసే పనే చేస్తాడు: ఒంటి కాలి మీద నిలబడమంటాడు. నిలబడుతుంది! వాడికి పండగే. అంతలో వాడి అరుపులు విని సాయం చేద్దామని ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. మాటా మాటా పెరుగుతుంది. టీ-800 ఒకడి తలకి తుపాకీ గురిపెట్టి నొక్కబోతుంది. జాన్ చేయి తోసేయడంతో గుండు పక్కకి పోతుంది. వాడికి అప్పుడు అర్థమవుతుంది, తన చేతిలో ఉన్నది ఆటబొమ్మ కాదని. మనుషుల్ని చంపకూడదని చెప్తే, ఎందుకు చంపకూడదని అది నిజంగానే అడుగుతుంది. పిల్లాడి దగ్గర జవాబు లేదు. చంపకూడదు అంతే అంటాడు. చేయి పైకెత్తించి ప్రమాణం చేయిస్తాడు.

ఐజాక్ అసిమోవ్ 1942లోనే తన కథలో రోబోలకి మూడు సూత్రాలు రాశాడు. మనిషికి హాని చేయకూడదన్నది మొదటిది. ఆ రోబోలకి అది ఫ్యాక్టరీలోనే ఎక్కిస్తారు. టెర్మినేటర్‌కి అలాంటిదేమీ లేదు. ఒక పిల్లాడు రోడ్డు పక్కన నిలబడి, కంగారులో, అప్పటికప్పుడు సూత్రం రాయాల్సి వచ్చింది.

ఆ సూత్రం ఎలా పనిచేసిందో చూడండి. తల్లిని విడిపించడానికి ఇద్దరూ మానసిక వైద్యశాలకి వెళ్తారు. గేటు దగ్గర గార్డు అడ్డొస్తాడు. టీ-800 అతని రెండు కాళ్ల మీద కాల్చేసి, బతుకుతాడులే అన్నట్టు జాన్ వైపు చూస్తుంది. ఆర్డర్ తప్పిందా? తప్పలేదు, చంపలేదు కదా! పిల్లాడి ఉద్దేశం అదేనా? కానే కాదు.

ఏఐ మీద పనిచేసేవాళ్లు రోజూ తలలు పట్టుకునే సమస్య సరిగ్గా ఇదే. మనం చెప్పిన మాట వేరు, మనం కోరుకున్నది వేరు. మెషీన్ చెప్పిన మాటని అక్షరాలా పాటించి, కోరుకున్నదాన్ని తొక్కుకుంటూ పోగలదు. ఎక్కువసేపు చూసే వీడియోలు చూపించమని ఒక సిస్టమ్‌కి చెప్తే అది అదే చేస్తుంది. అర్ధరాత్రి రెండింటికి మీరు ఇంకా షార్ట్స్ తిప్పుతూ ఉంటే, దాని లెక్కలో పని బ్రహ్మాండంగా జరుగుతున్నట్టే. రేపు పొద్దున మీకు పరీక్ష ఉందన్నది ఆ లెక్కలో లేదు.

సినిమాలో మాత్రం తర్వాత ఒక మార్పు కనిపిస్తుంది. సైబర్‌డైన్ బిల్డింగ్ చుట్టూ పోలీసులు చేరినప్పుడు టీ-800 మిషన్‌గన్‌తో కార్లన్నిటినీ తుక్కుతుక్కు చేస్తుంది. దాని కంటి స్క్రీన్ మీద ప్రాణనష్టం లెక్క కనిపిస్తుంది: 0.0. మాటలోని అక్షరం నుంచి ఉద్దేశం వైపు ఒక అడుగు వేసిందనుకోవచ్చు. ఆ అడుగు పిల్లాడి పక్కన గడిపిన గంటల వల్ల వచ్చింది, చిప్ స్పీడు వల్ల కాదు.

విసుక్కోని తండ్రి

ఒకచోట శారా దూరంగా కూర్చుని, కొడుకు రోబోతో ఆడుకోవడం చూస్తూ ఉంటుంది. అది వాడిని ఎప్పుడూ వదిలిపెట్టదు, తాగొచ్చి కొట్టదు, పనుంది పొమ్మనదు, వాడి కోసం ప్రాణమైనా ఇస్తుంది అనుకుంటుంది. వాడికి తండ్రి స్థానంలోకి వచ్చిన మగాళ్లందరిలో ఈ మెషీన్ ఒక్కటే సరిగ్గా సరిపోయిందని ఆమెకి అనిపిస్తుంది.

ఇది ఇప్పుడు వింటే ఒళ్లు కొంచెం జలదరిస్తుంది. అన్నం తినని పాపాయి ముందు ఫోన్ పెట్టే ఇల్లు మనందరికీ తెలుసు. హోమ్‌వర్క్ డౌట్లు, ఫ్రెండ్‌తో గొడవలు, ఎవరికీ చెప్పుకోలేని బాధలు అన్నీ చాట్‌బాట్‌కి చెప్పుకునే టీనేజర్లు కూడా ఉన్నారు. అది విసుక్కోదు. అడిగిందే పదిసార్లు అడిగినా ఓపిగ్గా చెప్తుంది. మనుషుల్లో అంత ఓపిక దొరకనప్పుడు పిల్లలు అటే వెళ్తారు, వాళ్ల తప్పేం లేదు.

కానీ సినిమా ఇక్కడ ఒక తిరకాసు పెట్టింది. మెషీన్ మనిషిలా మారుతున్న అదే సమయంలో మనిషి మెషీన్‌లా మారుతోంది. కొడుకు తన కోసం వచ్చి విడిపిస్తే, శారా ముందుగా చేసేది వాడి ఒళ్లంతా తడిమి గాయాలున్నాయా అని చూడటం, ఎందుకొచ్చావని తిట్టడం. పిల్లాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్పుడే రోబో, నీ కళ్లకి ఏమైందని అడుగుతుంది. కన్నతల్లి చూడని కన్నీళ్లని మెషీన్ చూసింది. అలా అని దానికి అర్థమైందా? లేదు, చూసిందంతే. ఈ రెండిటి మధ్య తేడాని సినిమా చివరిదాకా మర్చిపోదు.

డైసన్: చెడ్డవాడు కాని ఇంజినీర్

స్కైనెట్‌కి పునాది వేసేది మైల్స్ డైసన్ అనే ఇంజినీర్. సైబర్‌డైన్ కంపెనీలో పని. మొదటి సినిమాలో నుజ్జయిపోయిన టెర్మినేటర్ చిప్, చేయి ఆ కంపెనీకి దొరుకుతాయి. వాటిని విప్పి చూసి, రివర్స్ ఇంజినీరింగ్ చేసి కొత్త ప్రాసెసర్ తయారుచేస్తుంటాడు. ఆ చిప్ ఎక్కడిదని పైవాళ్లని అడిగితే, అడగొద్దన్నారట. అంతటితో ఆగిపోయాడు.

శారా అతన్ని చంపడానికి ఒంటరిగా బయల్దేరుతుంది. చీకట్లో గురిపెట్టి కాలుస్తుంది. ఆ నిమిషంలో టెర్మినేటర్‌కీ ఆమెకీ తేడా లేదు. కానీ నేలమీద పడ్డ తండ్రికి అడ్డంగా చిన్న కొడుకు వచ్చేసరికి ఆమె వేలు కదలదు. కూలబడిపోతుంది. టీ-1000కి అలాంటి సీన్ ఎదురైతే ఏం చేసేదో మనకి తెలుసు.

నిజం తెలిశాక డైసన్ తన ఏళ్ల కష్టాన్ని తన చేతులతోనే నాశనం చేయడానికి ఒప్పుకుంటాడు, ఆ పనిలోనే చనిపోతాడు. పవర్‌ఫుల్ టెక్నాలజీ తయారుచేస్తున్నవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు. ఇంట్లో భార్యాపిల్లలున్న మంచివాడే, పని మీద పిచ్చి ప్రేమ ఉన్నవాడే. ఒక్క ప్రశ్న అడగాల్సిన చోట అడగకుండా ఊరుకున్నాడు. మనలో చాలామంది రేపు ఇలాంటి ఉద్యోగాల్లోకే వెళ్తాం కాబట్టి, ఈ పాత్రని జాగ్రత్తగా చూడండి.

చివరి ఆర్డర్

క్లైమాక్స్ ఉక్కు ఫ్యాక్టరీలో. టీ-1000 కరిగిన ఉక్కులో పడి అంతమవుతుంది. పాత చిప్‌ని, చేతిని కూడా అందులోనే పడేస్తారు. హమ్మయ్య అనుకునేలోపు టీ-800 ఇంకో చిప్ మిగిలి ఉందంటుంది. తన తలలో ఉన్నది. అది ఎవరి చేతికైనా దొరికితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

జాన్ ఏడుస్తాడు. వద్దంటాడు. చివరికి తన ఆఖరి ఆయుధం తీస్తాడు: వెళ్లొద్దని నీకు ఆర్డర్ ఇస్తున్నాను! ఒంటి కాలి మీద నిలబడమంటే నిలబడిన మెషీన్, చంపొద్దంటే చంపడం మానేసిన మెషీన్, మొదటిసారి పిల్లాడి మాట వినదు.

ఎందుకు? దానికున్న రెండు పనులు గుర్తున్నాయా? కాపాడాలి, చెప్పింది వినాలి. సినిమా అంతా ఈ రెండూ ఎలాగోలా సర్దుకుపోయాయి. చివర్లో మాత్రం ఒకదానికొకటి ఎదురు తిరిగాయి. మాట వింటే పిల్లాడి భవిష్యత్తు పోతుంది. భవిష్యత్తు కాపాడాలంటే వాడి మనసు విరవాలి. టీ-800 కాపాడటం వైపే వెళ్లింది. ఇది ప్రోగ్రామ్‌లోని ప్రయారిటీ లెక్క మాత్రమే అనేవాళ్లున్నారు, అది నేర్చుకున్న ప్రేమ అనేవాళ్లూ ఉన్నారు. మీరెన్నో ఏడుపు ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసిందని, తను మాత్రం ఏడవలేనని అది చెప్పే మాట రెండు పక్షాలకీ పనికొస్తుంది. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది. అడిగిందల్లా ఇచ్చేది మంచి సేవకుడు. వద్దని ఏడ్చినా మన మంచి కోసం ఒక్కోసారి కాదనగలిగేది పెద్దవాళ్లు. ఆ ఒక్క నిమిషంలో టీ-800 సేవకుడి నుంచి పెద్దమనిషిగా మారింది.

అలా అని మన మాట వినని మెషీన్లు కావాలా? అమ్మో, స్కైనెట్ చేసింది కూడా అదే కదా! సినిమా ఆ చిక్కుకి కూడా ఒక జవాబు పెట్టింది. టీ-800 తనని తాను నాశనం చేసుకోలేదు, ప్రోగ్రామ్ ఒప్పుకోదు. అందుకే కంట్రోల్ బటన్ శారా చేతిలో పెడుతుంది. ఒకప్పుడు సుత్తి ఎత్తిన అదే చేయి. ఆమె ముందు దానితో చేయి కలుపుతుంది, ఆ తర్వాత బటన్ నొక్కుతుంది. నిర్ణయం మెషీన్ సూచించింది, స్విచ్ మాత్రం మనిషి నొక్కింది. స్విచ్ ఆపబోతే ఎదురుదాడి చేసిన స్కైనెట్‌కీ, స్విచ్‌ని తెచ్చి మనిషి చేతిలో పెట్టిన టీ-800కీ ఉన్న తేడా అదే.

ఏ వెర్షన్ చూడాలి?

మొదటిసారి చూస్తుంటే 137 నిమిషాల థియేటర్ వెర్షన్‌తో మొదలుపెట్టండి. స్పీడు తగ్గదు. చిప్ సీన్, రోబో నవ్వడం నేర్చుకునే కామెడీ సీన్ కావాలంటే తర్వాత స్పెషల్ ఎడిషన్ చూడండి. చిప్ తీసే సీన్‌లోని అద్దం మీద ఒక కన్నేయండి. అక్కడ అద్దమే లేదు! గోడకి కన్నం పెట్టి, లిండా, ఆమె కవల సోదరి చెరో వైపు నిలబడి ఒకేలా కదలికలు చేశారు. ఇవతల కెమెరాకి దగ్గరగా ఉన్న ష్వార్జెనెగ్గర్ తల బొమ్మ. వీలైతే 1984 నాటి మొదటి భాగం ముందే చూసేయండి, అప్పుడు మాల్ కారిడార్‌లో ఆ రోబో తుపాకీ ఎత్తినప్పుడు మీ గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

ఇంకో చిన్న పని. ఇంట్లో పదేళ్ల తమ్ముడో చెల్లో ఉంటే, సినిమాలో హింస ఎక్కువ కాబట్టి వాళ్లకి చూపించకండి, కథ చెప్పండి. ఒంటి కాలి మీద నిలబడమనే సీన్ దాకా వచ్చాక ఆపి, నువ్వు చెప్పిందల్లా వినే రోబో దొరికితే మొదట ఏం చేయమంటావని అడగండి. వాళ్ల జవాబు విన్నాక, మీ ఫోన్లోని అసిస్టెంట్‌కి మీరు రోజూ ఏం ఆర్డర్లు ఇస్తున్నారో కూడా ఒకసారి లెక్క చూసుకోండి.